పత్తి, మిర్చి మధ్య తేనెపెట్టెలు: ఇరవై కొనాలా, రెండు చాలా?

పరకాల రైతుబిడ్డ:
అన్నలూ, నాది ఎకరన్నర మామిడి తోట. చుట్టూరా పత్తి, మిర్చి. చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఇటాలియన్ ఈగల పెట్టెలు ఇరవై ఒకేసారి దింపితేనే గిట్టుబాటని అమ్మేవాళ్లు అంటున్నారు. మా మామయ్యేమో మన నాటు పుట్ట తేనెటీగలతో రెండు పెట్టెలు పెట్టి చూడమంటాడు. ఎవరి మాట వినాలి?

హుజూరాబాద్ పెట్టెలు:
మామయ్య మాట వింటే తేనె మీ ఇంటి పిల్లలకే సరిపోతుంది తమ్మీ. పుట్ట ఈగల పెట్టెకు ఏడాదికి ఐదారు కిలోలు వస్తే గొప్ప. ఇటాలియన్ అయితే పాతిక, ముప్పై తీయొచ్చు. పైగా చీమలు పట్టినా, మేత తగ్గినా పుట్ట ఈగలు చెప్పాపెట్టకుండా లేచిపోతాయి.

పాకాల వైపు నుంచి:
ఆ ముప్పై కిలోలు ఎవరికొస్తాయో కూడా చెప్పన్నా. పెట్టెలు లారీకెత్తి పూల వెంట తిరిగేవాళ్లకు. యాసంగి నువ్వులు పూతకొస్తే జగిత్యాల పోతారు, పొద్దుతిరుగుడు కనబడితే అక్కడ దింపుతారు. కదలకుండా ఒకే తోటలో ఉన్న ఇరవై పెట్టెలు ఏం తింటాయి? మామిడి పూతలో ఈగకు దొరికేది తక్కువ. మనవైపు గట్టి మేత అంటే కానుగ, వేప, ఇప్ప పూసే మార్చి, ఏప్రిల్ నెలలే. వానాకాలంలో చక్కెర పాకం పోసి బతికించాలి. ఇరవైకి పోయాలంటే కిరాణా కొట్టులో అప్పు పెట్టాల్సిందే.

రెండు ఎందుకంటే, ఒకదాంట్లో రాణి పోతే రెండోదాంట్లోంచి తాజా గుడ్లున్న చట్రం (తేనెపట్టు కట్టే చెక్క ఫ్రేము) తీసి ఇయ్యొచ్చు. కూలి ఈగలే కొత్త రాణిని పెంచుకుంటాయి. మార్చిలో బలం పట్టాక విడదీస్తే రెండు నాలుగవుతాయి, కొనే పని లేదు. చీమలకు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే అయిపోయె.

నెక్కొండ మిర్చి:
మీ లెక్కలు బాగున్నాయి, మా సంగతేంటి? 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఎట్లా తిన్నదో అందరం చూశాం. మీ ఈగలు చస్తాయని మందు కొట్టకుండా ఉండమంటే కుదరదు.

పాకాల వైపు నుంచి:
ఉండమని అనట్లేదు బాబాయ్. కొట్టేది సాయంత్రం కొట్టండి, ముందురోజు ఒక ఫోన్ చేయండి. అయినా ఫిప్రోనిల్ లాంటి పురుగుమందు కొడితే రాత్రి పెట్టె మూసినా లాభం లేదు, దాని విషం రోజుల తరబడి ఉంటుంది. మరునాడు పెట్టె గుమ్మం ముందు చూస్తే తెలుస్తుంది: ఈగలు నాలుక బయటపెట్టి, వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతుంటాయి. అందుకే మిర్చి, పత్తి సీజన్‌లో పెట్టెలను చేన్లకు మూడు కిలోమీటర్ల అవతలికి మార్చాలి. రెండైతే బండి మీద పోతాయి. ఇరవైకి ట్రాలీ కిరాయి.

ఇంకోటి తమ్మీ, మామిడి పూతకు తేనెమంచు పురుగు పడితే మందు కొట్టేది నువ్వే కదా? పక్కోళ్లను అనే ముందు అది చూసుకో.

హుజూరాబాద్ పెట్టెలు:
మందుల సంగతి ఒప్పుకుంటా. కానీ ఐదారు కిలోలతో వ్యాపారం కాదు, అది సరదా.

పరకాల రైతుబిడ్డ:
సరదాగానే మొదలుపెడతా అన్నా. పూత మందు అయిపోయాక, ఫిబ్రవరి ఆఖర్లో చెరువుగట్టు కానుగల దగ్గర రెండు పెడతా. తేనెపట్టుతో ఉన్న పాత చట్రాలు సగం ధరకే ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

పాకాల వైపు నుంచి:
వద్దు. నల్లబడ్డ పాత పట్టులోనే, పట్టును తినే మైనపు పురుగు గుడ్లు పెడుతుంది. ఖాళీ పెట్టె పాతదైనా పర్వాలేదు, లోపల మంటతో కాల్చి వాడుకో.