సైకిల్ కంప్యూటర్‌కి సెన్సర్ సిగ్నల్ మధ్యలో తెగిపోతోంది, గ్రేడియంట్ తప్పు చూపిస్తోంది: మీకేం పనిచేసింది?

కొండదారి:
రెండు నెలలుగా ఇదే టెన్షన్. సైకిల్ హ్యాండిల్ ముందు మౌంట్ మీద కంప్యూటర్, ఛాతీకి గుండె వేగం కొలిచే బెల్టు, ఎడమ క్రాంకు (పెడల్ తగిలించే కడ్డీ) మీద ఎంత శక్తితో తొక్కుతున్నానో కొలిచే పవర్ మీటర్. స్పీడ్ సెన్సర్ లేదు, జీపీఎస్ చాలనుకున్నాను. రైడ్ మొదలైన గంటలోపే పవర్ అంకె పోయి గీతలు వస్తాయి. పది పదిహేను సెకన్లకు మళ్లీ కనిపిస్తుంది. దీనికి తోడు గ్రేడియంట్, అంటే రోడ్డు ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే అంకె, ఒకటి. కాళ్లు మండిపోతున్న చోట 2 శాతం అంటుంది, పైకి చేరి రోడ్డు చదునయ్యాక 9 చూపిస్తుంది. ఆ అంకె చూసి గేరు, ఊపిరి సర్దుకోవడం నాకు అలవాటు, అందుకే వదిలేయలేకపోతున్నాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, సెన్సర్లు తీసేసి మళ్లీ జత చేశాను. ఏం మారలేదు.

గొలుసునూనె:
ముందు ఒకటి చెప్పండి. పవర్ పోయిన క్షణంలో గుండె వేగం కూడా పోతోందా, పవర్ ఒక్కటేనా? అన్నీ ఒకేసారి పోతే తప్పు కంప్యూటర్‌లోనో, దాని చుట్టూ ఉన్న రేడియో గోలలోనో ఉంటుంది. ఒక్కటే పోతే ముందు ఆ సెన్సర్ దగ్గరే వెతకాలి.

గీతలు వేరు, సున్నా వేరు అన్నది కూడా గమనించండి. నా కంప్యూటర్‌లో గీతలు వస్తే సిగ్నల్ అందలేదని అర్థం. సున్నా వస్తే సిగ్నల్ అందుతోంది, సెన్సరే సున్నా పంపుతోంది. ఈ తేడా తెలియక నెల రోజులు సిగ్నల్‌నే అనుమానించాను. చివరికి చూస్తే కేడెన్స్ (పెడల్ తిరిగే వేగం) కొలిచే సెన్సర్ అయస్కాంతం పక్కకి జరిగి ఉంది.

రైడ్ ఫైలు తెరిచి, ఎక్కడెక్కడ తెగిపోయిందో మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. అన్నీ ఒకేసారి మార్చకండి, రైడ్‌కి ఒక్క మార్పు చాలు.

ఎదురుగాలి:
నాకు లైటు వల్ల వచ్చింది. మౌంట్ కింద తగిలించిన ఎల్‌ఈడీ లైటు వెలిగిస్తే ఛాతీ బెల్టు పోయేది, ఆపితే వచ్చేది. ఏఎన్‌టీ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతి వాడే సెన్సర్లు 2457 మెగాహెర్ట్జ్ దగ్గర చాలా తక్కువ శక్తితో పంపుతాయి. లైటు లోపల కరెంటును సర్దే సర్క్యూట్‌కి సరైన కవచం లేకపోతే ఆ గోలంతా పక్కనే ఉన్న కంప్యూటర్ మీద పడుతుంది. లైటును హ్యాండిల్ చివరకి మార్చాను, అంతే, మళ్లీ రాలేదు. వైఫై ఆన్‌లో ఉన్న కెమెరా పక్కన పెట్టినా ఇలాగే జరగొచ్చు.

వెనక జేబులో ఫోన్ పెట్టుకుని దాంట్లో రికార్డు చేసేవాళ్లకి ఇంకో చిక్కుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒళ్లు చాలావరకు మింగేస్తుంది. ఫోన్‌ని హ్యాండిల్ దగ్గరికి తెచ్చి చూడండి.

గదిలోచక్రం:
ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని స్టాండుకి బిగించి ఇంట్లోనే తొక్కేవాళ్ల కోసం నా అనుభవం. వైఫై 10వ ఛానల్ మధ్యబిందువు సరిగ్గా 2457 మెగాహెర్ట్జ్. 9, 11 ఛానళ్లు కూడా దాని మీదికి వస్తాయి. రూటర్‌ని 1వ ఛానల్‌లో స్థిరంగా పెట్టాక సగం సమస్య పోయింది. మిగతా సగం ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే గోల. సెన్సర్ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ రిసీవర్‌ని నేరుగా గుచ్చకుండా ఎక్స్‌టెన్షన్ వైరుతో ట్రైనర్ దగ్గరికి తెచ్చాను.

బ్లూటూత్‌లో చాలా సెన్సర్లు ఒకసారి ఒక్క పరికరానికే దొరుకుతాయి. ఫోన్‌లో ఏదో యాప్ వెనకాల ముందే పట్టుకుని ఉంటే కంప్యూటర్‌కి కనపడవు.

మట్టిబాట:
నేను గ్రేడియంట్ గురించి చెప్తాను, దీని మీద చాలా రోజులు తల పట్టుకున్నాను.

చాలా కంప్యూటర్లు గ్రేడియంట్‌ని నేరుగా కొలవవు, లెక్క కడతాయి. పెరిగిన ఎత్తుని నడిచిన దూరంతో భాగిస్తే వచ్చేదే అది. ఎత్తు గాలి ఒత్తిడి నుంచి వస్తుంది. మీరు 18 కి.మీ. వేగంతో 1 శాతం ఎక్కుతున్నారనుకోండి. సెకనుకు 5 మీటర్లు ముందుకి, 5 సెంటీమీటర్లు పైకి వెళ్తారు. సముద్రమట్టం దగ్గర 8 మీటర్లకు పైగా ఎక్కితే గానీ ఒత్తిడి 1 హెక్టోపాస్కల్ (100 పాస్కల్) తగ్గదు. ఆ లెక్కన 5 సెంటీమీటర్లకు ఒత్తిడి మారేది 1 పాస్కల్ కన్నా తక్కువ. అంత చిన్న తేడా సెన్సర్ సొంత వణుకులో కలిసిపోతుంది. అందుకే కంప్యూటర్ కొన్ని సెకన్ల కొలతలకి సగటు తీస్తుంది. చదునయ్యాక 9 కనిపించడానికి ఒక కారణం ఇదే. ఆ ఆలస్యం తగ్గొచ్చు గానీ పూర్తిగా పోదు.

పైగా గాలి ఒకటి. 36 కి.మీ. వేగంతో వచ్చే గాలి ఎదురుగా తగిలి ఆగితే ఒత్తిడి దాదాపు 60 పాస్కల్ పెరుగుతుంది. కంప్యూటర్ లెక్కలో అది 5 మీటర్లు కిందికి దిగినట్టు! అదంతా సెన్సర్ రంధ్రంలోకి చేరదు, కొంత చేరినా చాలు అంకె చెడడానికి. లారీ దాటిపోయినప్పుడు గ్రేడియంట్ ఎగరడం మీరూ చూసే ఉంటారు.

ఇక దూరం. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు, చెట్ల కింద, హెయిర్‌పిన్ మలుపుల్లో జీపీఎస్ మూలలు కోసేస్తుంది. దూరం తక్కువొస్తే గ్రేడియంట్ ఎక్కువొస్తుంది. ఈ సగాన్ని స్పీడ్ సెన్సర్ బాగుచేస్తుంది. టైరు చుట్టుకొలత మాత్రం సరిగ్గా ఇవ్వండి, 700 బై 28 సైజు టైరుకి సుమారు 2136 మి.మీ.

రైడ్‌కి ముందు ఎత్తు క్యాలిబ్రేట్ చేస్తే గ్రేడియంట్ సరిపోతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మొదట్లో 40 మీటర్ల తప్పుంటే చివరిదాకా అదే 40 ఉంటుంది, తేడా తీసినప్పుడు కొట్టుకుపోతుంది.

కొండదారి:
మట్టిబాట గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. ఫైలు చూశాను. గుండె వేగం ఒక్కసారి కూడా పోలేదు, పవర్ ఒక్కటే. తెగిన 11 చోట్లలో 9 గతుకుల రోడ్డు మీదే ఉన్నాయి!

గొలుసునూనె:
అయితే పవర్ మీటర్ బ్యాటరీ గది తెరిచి చూడండి. సీఆర్2032 బిళ్ల కదులుతోందేమో, కింద ఉన్న లోహపు రేకులు అణిగిపోయాయేమో. కొన్ని బిళ్లలకి పిల్లలు మింగకుండా చేదు పూత పూస్తారు, కొన్ని పరికరాల్లో ఆ పూత వల్ల కూడా కాంటాక్ట్ సరిగ్గా అందదు. కొత్త బిళ్ల వేశాం కదా అని బ్యాటరీని లెక్కలోంచి తీసేయకండి.

వానచుక్క:
గ్రేడియంట్ విషయంలో నాదొక చిన్న మాట. వాన తర్వాత నాకు ఎంత ఎక్కినా 0 శాతమే చూపించేది. కంప్యూటర్ అడుగున ఉన్న సన్నటి రంధ్రంలో నీళ్లు, సీసాలోంచి కారిన డ్రింక్ చేరి గట్టిపడ్డాయి. గోరువెచ్చటి నీళ్లలో కడిగి ఒక రాత్రి ఆరబెడితే సరిపోయింది. అందులో పిన్ను మాత్రం గుచ్చకండి, లోపల సెన్సర్ పొర చిరిగిపోతుంది.

నిదానం:
రూట్ లోడ్ చేస్తే, ముందున్న ఎక్కుడు చూపించే క్లైంబ్ పేజీలో 7 శాతం, పక్కనే లైవ్ గ్రేడియంట్ 10. ఏది నమ్మాలి?

మట్టిబాట:
రెండూ వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. క్లైంబ్ పేజీ మ్యాపులోని ఎత్తుల సమాచారం వాడుతుంది. అలాంటి సమాచారంలో పేరున్నది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం. అందులో నేలని గడులుగా విడదీసి గడికో ఎత్తు ఇస్తారు, గడికీ గడికీ మధ్య సుమారు 30 మీటర్లు. కొండని కోసి వేసిన రోడ్డులో ఒక గడి లోయ వైపు, ఇంకోటి గట్టు వైపు పడొచ్చు. వంతెన మీద వెళ్తుంటే కింద లోయ ఎత్తు చూపిస్తుంది. ఎంత దూరం మిగిలిందో తెలుసుకోవడానికి నేను క్లైంబ్ పేజీ చూస్తాను. కాలి కింద ఎంత ఉందో తెలియడానికి లైవ్ అంకెనే నమ్ముతాను.

కొండదారి:
మూడు రైడ్లు అయ్యాయి, మార్పులు ఒక్కొక్కటిగానే చేశాను. పవర్ మీటర్‌లో ఒక రేకు నిజంగానే అణిగిపోయి ఉంది. ప్లాస్టిక్ పుల్లతో కొంచెం పైకి లేపాను. అదే గతుకుల రోడ్డు మీద రెండుసార్లు తిరిగాను, ఒక్క గీత కూడా రాలేదు. తర్వాత వెనక చక్రం హబ్‌కి స్పీడ్ సెన్సర్ పెట్టాను. మలుపుల్లో 14, 16 అంటూ ఎగిరే అంకెలు ఆగిపోయాయి. రంధ్రం కడిగినా తేడా కనిపించలేదు, నాది శుభ్రంగానే ఉన్నట్టుంది. ఆలస్యం ఇంకా ఆరేడు సెకన్లు ఉంది. సగటు తీసే సమయాన్ని తగ్గించే సెట్టింగ్ మెనూలో నాకు దొరకలేదు. మీలో ఎవరి కంప్యూటర్‌లోనైనా ఉంటే, తగ్గించాక అంకె ఎంత వణుకుతోందో రాయండి.