బ్రీత్ ఎనలైజర్ ముందు డ్రైవరు ఎలా నడుచుకోవాలి?

లంకవాసి:
రావులపాలెం దాటిన తరువాత రాత్రి పోలీసులు అందరినీ ఆపి, తాగారో లేదో చూసే బ్రీత్ ఎనలైజర్ యంత్రంలో ఊదిస్తున్నారు. నా ముందు ఆగిన మోటారు సైకిలు ఆయన ఊదనని భీష్మించాడు. అలా నిరాకరించే హక్కు మనకు ఉందా? ఆపినప్పుడు ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

కాలువగట్టు:
బండిని ఎడమ పక్కకు తీసి, ఇంజను ఆపి, లైసెన్సు చూపించి, ఊదాలి. డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు కూడా చెల్లుతుంది. మోటారు వాహనాల చట్టం 203వ సెక్షను ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి ఊదమని అడగవచ్చు. ఊదనన్న మనిషి తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. పైగా సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, ఆ నిరాకరణే ప్రాసిక్యూషను సాక్ష్యానికి బలమవుతుందని 205వ సెక్షను చెబుతోంది.

చెరువుగట్టు రైతు:
నోట పెట్టుకొని ఊదే గొట్టం మార్చమని అడగాలని మీరెందుకు చెప్పరు? నేను దగ్గు మందు తాగి వస్తుంటే యంత్రం కూత పెట్టింది. నోటిలో మిగిలిన మందు వాసన పోవడానికి పావుగంట ఆగి మళ్లీ ఊదుతానంటే వినలేదు. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే విడిచిపెట్టాలని 202వ సెక్షనులో ఉంది. బండిని స్వాధీనం చేసుకునే అధికారం వారికి లేదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది కూడా.

పాలకొల్లు పాఠకుడు:
మనం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధిలో ఉన్నామండీ.

చెరువుగట్టు రైతు:
హైకోర్టులు వేరైనా చట్టం కేంద్రానిదే కదండీ.

కాలువగట్టు:
ఆ తీర్పును సగమే చెబుతున్నారు. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి, లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి, ఎవరూ రాకపోతే స్టేషనుకో మరో భద్రమైన చోటుకో తరలించాలి అన్నారు. తాగినవాడి చేతికే తాళం ఇమ్మని ఎక్కడా చెప్పలేదు.

గోదారి గాలి:
100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు.

చెరువుగట్టు రైతు:
సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర బారులు తీరే పెద్ద కార్లను ఎవరు ఊదిస్తున్నారు? రొయ్యల చెరువు దగ్గర పని ముగించుకొని, కాస్త కల్లు తాగి ఇంటికి పోయే కూలీని మాత్రం ఆపుతారు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఆ జరిమానా 2,000 దాటేది కాదు. మీలాంటివారు పోలీసుల పక్షం వహిస్తే అతని గోడు ఎవరు వింటారు?

కాలువగట్టు:
నేను పోలీసుల పక్షం కాదు. మా మేనల్లుడు ట్యూషను నుంచి సైకిలు మీద వస్తుంటే, తాగి నడుపుతున్నవాడు వెనుక నుంచి గుద్దాడు. పిట్టగోడ లేని కాలువ గట్టు కావడంతో పిల్లవాడు సైకిలుతో సహా నీళ్లలో పడ్డాడు. మాకు దక్కలేదు. నడిపినవాడు స్టేషనులో చెప్పింది ఒకటే, కొంచెమే తాగానని. మీ కూలీ తాగిన ఆ ‘కాస్త కల్లు’ను నేను తేలిగ్గా తీసుకోలేను.

చెరువుగట్టు రైతు:
మీ ఇంట జరిగినదానికి నా మనసు కలచివేసినట్టయింది. తాగి నడపవచ్చని నేను అనడం లేదండీ. మా అబ్బాయి వయసున్న కానిస్టేబులు పదిమంది ముందు నన్ను ‘ఏరా’ అన్నాడు. ఆ రాత్రి బస్సు లేక లంక దాకా చీకట్లో నడిచాను. నా బాధ అంతా అక్కడే ఉంది.

కాలువగట్టు:
ఆ మాట అన్నవాడిది తప్పే. అయినా నడిరోడ్డు మీద వాదిస్తే నిరాకరణ కిందే రాసుకుంటారు. ఊదండి, యంత్రం ఇచ్చే చీటీ మీద సమయం, అంకె సరిచూసుకోండి, అనుమానం ఉంటే రక్త పరీక్ష కోరండి, మర్యాద తప్పినదాని గురించి మరునాడు పై అధికారికి రాసి ఇవ్వండి. ఇంటికి చేరే దారి ముందే చూసుకోవలసింది మాత్రం తాగే మనిషే.

చెరువుగట్టు రైతు:
రాసి ఇచ్చాను. రసీదు కూడా ఇవ్వలేదు. అందుకే గొట్టం మార్చమనీ, పావుగంట ఆగమనీ అక్కడే, మర్యాదగానే అడగమంటున్నాను. మరునాటికి ఆ పావుగంట తిరిగి రాదు.

లంకవాసి:
ఊదుతూనే అడగవచ్చని అర్థమైంది. రక్త పరీక్ష కోరితే స్టేషను నుంచి ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో ఎవరికైనా తెలుసా?