మేలో కూడా 24 సూర్యనమస్కారాలు చేయొచ్చా?

నల్లకుంట పైఅంతస్తు
నాకు 54 ఏళ్లు. ఆరేళ్లుగా రోజూ పొద్దున ఆరున్నరకు మా మేడ మీద 24 సూర్యనమస్కారాలు, ఆ తర్వాత కపాలభాతి, భస్త్రిక (గబగబా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామాలు). చలికాలంలో ఒంట్లో కుంపటి పెట్టినట్టు హాయిగా ఉండేది. ఇప్పుడా కుంపటే ప్రాణం తీస్తోంది. మొన్న పద్దెనిమిదో దానికి కళ్లు బైర్లు కమ్మి పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాను. "దండం పెట్టమన్నారు గానీ సూర్యుడితో పోటీ పడమన్నారా?" అంటారు మావారు. లెక్క తగ్గించడానికి నాకేమో మనసొప్పదు. అంతా పరగడుపునే. తర్వాత కాఫీ, ఇడ్లీ, కొత్తావకాయ. ఏం మార్చాలి?

బర్కత్‌పుర యోగా టీచర్
అక్కా, ముందు మేడ దిగండి. పగలంతా కాగిన స్లాబు తెల్లారినా చల్లారదు. మే నడుమ మనకు 5:45 ప్రాంతంలోనే సూర్యోదయం, ఆరున్నరకి ఎండ ముదిరిపోతుంది. ఐదింటికి కింద నేల మీద చేసుకోండి. ఆరు చాలు, ఒక్కో ఆసనంలో రెండు మూడు శ్వాసల పాటు నిలవండి. 24 ఉరుకుల పరుగుల మీద చేసినదానికన్నా అదే కష్టం, చూడండి కావాలంటే. కపాలభాతి, భస్త్రిక ఒంట్లో వేడి పుట్టిస్తాయి, వానలు పడేదాకా పక్కన పెట్టండి. వాటి బదులు శీతలి: నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చి, ముక్కుతో వదలాలి. నాలుక చుట్టుకోకపోతే పళ్లు కలిపి సందుల్లోంచి పీల్చండి, అది శీత్కారి. అయితే నోటికి ముక్కులా వడపోత లేదు, రోడ్డు దుమ్ములో వద్దు. ఆస్తమా, లోబీపీ ఉన్నవాళ్లూ చేయకూడదు.

సిద్దిపేట పిల్ల
ఇడ్లీ సంగతి తర్వాత, ముందు అంబలి తాగండి ఆంటీ. రాత్రి రాగిపిండి నీళ్లల్లో కలిపి పెట్టి, పొద్దున ఉడికించి, చల్లారినాక చల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు. చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. మా అమ్మ మధ్యాహ్నం పచ్చిపులుసు, సొరకాయ కూరతోనే ఎండాకాలం దాటిస్తది. ఇక ముంజలు దొరికినన్ని రోజులూ దొరికినన్ని తినాలె!

రిటైర్డ్ ఫార్మసిస్టు
అమ్మా, బీపీ మాత్రలేమైనా వాడుతున్నారా? కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపుతాయి. వాటికి ఎండ తోడైతే కళ్లు తిరగడం మామూలే. అలాగైతే అంబలిలో ఉప్పు ఎంతో కూడా డాక్టరునే అడగండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

నల్లకుంట పైఅంతస్తు
వాడుతున్నానండీ, రాయడం మర్చిపోయాను. డాక్టరు ఆ మాత్ర మార్చారు, ఉప్పు చిటికెడు మించొద్దన్నారు. వారం నుంచి పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య చాప పరిచి ఆరే చేస్తున్నాను. వాచ్‌మన్ మొదటి రోజు ఏదో పోయిందనుకుని టార్చి తెచ్చాడు. శీతలికి నా నాలుక చుట్టుకోలేదు. మావారికి మాత్రం చక్కగా చుట్టుకుంది! జన్మలో చాప ముట్టని మనిషి, ఇప్పుడు కూలర్ ముందు కూర్చుని నాకు నేర్పిస్తున్నారు.