అప్‌డేట్: నిద్ర ఒక్కసారిగా ఎందుకు ముంచుకొస్తుంది?

పోయిన నెల నేనడిగింది ఇది: నిద్ర మెల్లమెల్లగా కాకుండా ఒక్క క్షణంలో ఎలా పట్టేస్తుంది? జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పిన దారిలోనే చదివాను.

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో, ముందువైపు, వీఎల్‌పీఓ అనే న్యూరాన్ల (నాడీకణాల) చిన్న గుంపు ఉంది. అది గాబా, గాలనిన్ అనే రసాయనాలు విడుదల చేసి, మనల్ని మెలకువగా ఉంచే మెదడు కేంద్రాలను అణిచేస్తుంది. నోరాడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలు పంపే ఆ కేంద్రాలు తిరిగి దీన్ని అణుస్తాయి. ఎవరిది పైచేయి అయితే రెండోది మూగబోతుంది. అందుకే లైటు స్విచ్‌లాగా అటో ఇటో పడుతుందే తప్ప మధ్యలో ఎక్కువసేపు నిలవదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఒరెక్సిన్ అనే మెదడు రసాయనం. 1998లో కనుగొన్నారు. మెదడులో దాదాపు 8600 కోట్ల న్యూరాన్లుంటే, దీన్ని తయారుచేసేవి లక్షలోపే! స్విచ్‌ను మెలకువ వైపు గట్టిగా పట్టి ఉంచేవి అవే. అవి నశిస్తే వచ్చేది టైప్ 1 నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు. మనిషి మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోవచ్చు, గట్టిగా నవ్వితే కండరాలు సడలిపోవచ్చు. అలాంటివాళ్లను బద్ధకస్తులని నేనూ అనుకున్నాను. చదివాక చాలా బాధేసింది.

కాఫీ సంగతి అడిగినవాళ్లకు: మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే నిద్రమత్తు తెచ్చే రసాయనం పేరుకుంటుంది, కాఫీలోని కెఫీన్ అది అతుక్కునే రిసెప్టర్లకు అడ్డుపడుతుంది.