అత్తెసరు అంటే చాలీచాలనిది అని ఎప్పటి నుంచి అయింది?

పోయిన ఆదివారం మా అక్క కూతురు చెప్పకుండా ఇంటికి వచ్చింది. స్టవ్ మీద గిన్నె చూసి "ఏం చేస్తున్నావు పిన్నీ" అంది. "అన్నం అత్తెసరు పెట్టానే, కూర్చో, అయిపోవచ్చింది" అన్నాను. కాసేపు ఊరుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, "సరిపోదంటే బయట నుంచి ఏమైనా తెప్పించనా?" అని మొహమాటంగా అడిగింది. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్ళ ఆ పిల్లకి తెలిసిన అత్తెసరు ఒక్కటే, అత్తెసరు మార్కులు. బొటాబొటీగా గట్టెక్కడం. నేను అన్నం తక్కువ వండి, ఆ సంగతి చెప్పలేక చెబుతున్నానని అనుకుంది.

దానికి కూర వడ్డిస్తూ చెప్పాను, ఇక్కడ అందరికీ చెప్పాలనిపించింది.

ఎసరు అంటే అన్నం వండడానికి పొయ్యి మీద పెట్టిన నీళ్ళు. ఊరికే నీళ్ళు కాదు, బియ్యం కోసం కాగుతున్న నీళ్ళు. స్నానానికి కాగే నీళ్ళని ఎవరూ ఎసరు అనరు. ఆ ఎసరు రెండు రకాలుగా పెట్టేవాళ్ళు. ఒకటి, నీళ్ళు ధారాళంగా పెట్టి, మెతుకు ఉడికాక సిబ్బి అడ్డుపెట్టి గంజి వార్చడం. రెండోది, బియ్యం ఎంత తాగుతాయో అంతే నీళ్ళు పెట్టి, వార్చే పని లేకుండా ఆ నీళ్ళన్నీ మెతుకులోనే ఇంకిపోయేలా వండడం. ఈ రెండోదే అత్తెసరు.

మా ఊరు తెనాలి దగ్గర పల్లె. పొద్దున పూట అమ్మ పెద్ద ఇత్తడి గుండిగలో వార్చే అన్నమే వండేది. పొలం నుంచి ఎవరెవరు వస్తారో, వీధిలోంచి ఏ బంధువు దిగుతాడో తెలియదు. రాత్రి మాత్రం ఇంట్లో ఆరుగురమే. అప్పుడు అత్తెసరు. సోలతో బియ్యం కొలిచి, కడిగి, నీళ్ళు పోసి, చూపుడువేలు ముంచి గణుపు దగ్గర నీటిమట్టం చూసుకునేది. అదే ఆవిడ కొలత. ధాన్యం ఇంటికి వచ్చిన కొత్తల్లో గణుపుకి కాస్త కిందకే ఆపేది, ఏడాది పాతబడిన బియ్యానికి కాస్త పైకి. కొత్త బియ్యం నీళ్ళు తక్కువ తాగుతాయి, పాతవి ఎక్కువ తాగుతాయి. ఈ తేడా మా ఇంట్లో ఎక్కడా రాసి లేదు, అమ్మ వేలికి తెలుసు. అన్నం దగ్గర పడ్డాక కట్టెలు లాగేసి, కింద నిప్పులు మాత్రం ఉంచి, మూత మీద కూడా రెండు నిప్పులు పెట్టేది. "ముట్టుకోకండి, ఉమ్మగిలనివ్వండి" అనేది. ఉమ్మగిలడం అంటే తన ఆవిరిలో తాను మగ్గడం. ఈ మాటా వినబడి చాలా కాలమైంది.

తప్పు జరిగితే దిద్దుకోవడానికి వీల్లేని వంట అది. వార్చే అన్నానికి నీళ్ళు ఎక్కువైనా ఫర్వాలేదు, గంజిలో పోతాయి. అత్తెసరులో ఎక్కువైతే అన్నం చిమిడిపోతుంది, తక్కువైతే పలుకు మిగులుతుంది, సెగ ఆగకపోతే అడుగంటుతుంది. మూడూ జరగకుండా రోజూ రాత్రి ఎనిమిదింటికి పొడిపొడిగా అన్నం దించడం పనితనం కాదా? అలాంటి మాటని తీసుకెళ్ళి ముప్పై అయిదు మార్కులకి అంటగట్టేశాం. అత్తెసరు జీతం, అత్తెసరు మెజారిటీ అంటున్నాం. నాకు బాధగా ఉంది. మీ ఇళ్ళలో ఈ మాట వంటింట్లో వినబడుతోందా? ఏ అర్థంతో?

*

పెరటిజామ:
మా రాజమండ్రి వైపు అమ్మమ్మ ఇది అత్త పెట్టే ఎసరు అని చెప్పేది. కోడలికి బియ్యం, నీళ్ళు అత్తగారే కొలిచి ఇచ్చేదట, ఒక్క గిద్ద ఎక్కువ పడకుండా. అందుకే అత్త ఎసరు, అత్తెసరు. చిన్నప్పుడు నిజమేనని నమ్మాను.

కృష్ణాతీరం:
సంధి ప్రకారం రెండూ కుదురుతాయి. అత్త + ఎసరు అన్నా అత్తెసరే, అత్తు + ఎసరు అన్నా అత్తెసరే. కాబట్టి శబ్దం చూసి తేల్చలేం, అర్థం చూసే తేల్చాలి. అత్తుకోవడం, హత్తుకోవడం ఒకటే మాట. నీళ్ళు వేరుగా మిగలకుండా బియ్యానికి హత్తుకుపోయే ఎసరు. మూల పోస్టులో చెప్పిన వంట పద్ధతికి ఇదే సరిగ్గా సరిపోతుంది. అత్తగారి కథ మాత్రం వదిలెయ్యకండి. మాట పుట్టుక చెప్పకపోయినా ఆ ఇంట్లో బియ్యం తాళం ఎవరి చేతిలో ఉండేదో చెబుతుంది.

ఇంకో సంగతి. ఎసరుకి లో చేరిస్తే ఎసట్లో అవుతుంది. నోరు నోట్లో, రోలు రోట్లో, ఏరు ఏట్లో, నుదురు నుదుటి మీద, పగలు పగటిపూట అయినట్టే. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. ఇప్పుడు వంటల వీడియోల్లో "ఎసరులో రవ్వ పోయండి" అంటున్నారు. నోటిని రోజూ తలుచుకుంటాం కనుక నోట్లో అన్నది నిలబడింది. ఎసరు నోట్లో నానడం తగ్గింది, ఎసట్లో అన్న రూపం ముందు పోయింది.

మంజీర:
మాది మెదక్ దిక్కు. మీ బాధ అర్థమైంది గానీ ఒక మాట చెప్పాలె. మా ఇంట్ల అత్తెసరు పెట్టుడు తక్కువ. ఎందుకంటే గంజి కావాలె. పొద్దున గంజిల ఇంత ఉప్పు, చేతిల ఉల్లిగడ్డ, అదే మా నాయిన కూలికి పొయ్యే ముందు తాగేది. పిల్లలకు కూడా అదే. గంజి వంచకుంటే పొద్దుటి తిండి ఎక్కడిది? ఎసరు మసులుతుంటే అమ్మ ఇంకో చెంబు నీళ్ళు పోస్తుండె, గంజి ఎక్కువ రావాలని. అత్తెసరు పనితనమే, కాదనను. గంజి పెంచుడు కూడా పనితనమే అక్కా.

పెరటిజామ:
మంజీర గారూ, మీ మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో గంజి గేదెల కుడితికి, నాన్నగారి పంచెలకి పోయేది. తాగిన గుర్తు నాకు లేదు.

జొన్నచేను:
అనంతపురం. మా దగ్గర ఎసరు అంటే సంగటి ఎసరే ముందు గుర్తొస్తుంది. ఎసట్లో నూకలు ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా వదిలేస్తారు. పిండి మగ్గినాక కిందికి దించి, కట్టెతో కెలుకుతారు. ఎసరు ఎక్కువైతే ముద్ద నిలబడదు, జావ అయిపోతుంది. సంగటిలో వార్చడం అనేదే లేదు, కాబట్టి ఆ లెక్కన అదీ అత్తెసరే కదా?

బెంగళూరు నుంచి ఇంకో మాట. ఇక్కడ కన్నడంలోనూ ఎసరు ఉంది. మండ్య, మైసూరు వైపు ఉప్పెసరు అని చేస్తారు. పప్పు, ఆకుకూర ఉడకబెట్టిన నీళ్ళు వార్చి, వాటితో చేసేది, ముద్దలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పు, ఎసరు. మా పక్కింటావిడ మొదటిసారి ఆ పేరు చెప్పినప్పుడు నాకు మా ఊరు వెళ్ళినట్టు అనిపించింది.

కృష్ణాతీరం:
మంచి మాట పట్టుకొచ్చారు. అక్కడ ఎసరు వార్చిన నీటికి కూడా పేరైంది, మనకి పొయ్యి మీద ఉన్నప్పుడే ఎసరు, వార్చగానే గంజి.

నిన్నటిచద్ది:
వంటింట్లో ఎసరు పూర్తిగా పోలేదండీ. మా ఇంట్లో అన్నానికి ఎసరు అనడం మానేశాం, కుక్కర్ కదా, నీళ్ళు, బియ్యం ఒకేసారి పడతాయి. మరిగే నీళ్ళలో బియ్యం పోసే ఘట్టమే లేదు, ఇక ఆ నీళ్ళకి వేరే పేరెందుకు? ఉప్మాకి మాత్రం ఇప్పటికీ ఎసరే. "ఎసరు మరుగుతోంది, రవ్వ అందుకో" అంటుంది మా ఆవిడ. ఉప్పుడు పిండికీ అంతే. పోపు వేగాక అందులోనే ఎసరు పోసి, ఉప్పు వేసి, తెర్లాక బియ్యపు రవ్వ. ఒకటికి రెండు. అది కూడా అత్తెసరు పద్ధతే.

ఇక ఉద్యోగానికి ఎసరు పెట్టాడు, కొంపకి ఎసరు తెచ్చాడు అంటారే, దాని సంగతేమిటి? అన్నం పెట్టే మాట అంత చెడ్డ మాట ఎలా అయింది?

*

అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

మంజీర గారూ, మీరు రాసింది నా పోస్టులో ఉండాల్సిన మాట. పనితనం అని నేను అత్తెసరుకే కట్టబెట్టేశాను. బియ్యం సరిపడా ఉన్న ఇంట్లో పెరిగినందువల్ల గంజిని వార్చి పారబోసేదిగానే చూశాను. మా పెరట్లో కుడితి తొట్టిలో పోసిన గంజి మీ ఇంట్లో పొద్దుటి తిండి. అమ్మ ఇంకో చెంబు పోసిందన్న వాక్యం నాలుగైదుసార్లు చదివాను.

మీ మాట వల్లే ఇంకొకటి తట్టింది. వార్చే అన్నంలో వెసులుబాటు ఉంది. ఎసరు తెర్లుతుండగా గడప దగ్గర చుట్టం కనబడితే ఇంకో గుప్పెడు బియ్యం ఎసట్లో పోసెయ్యొచ్చు. నీళ్ళు ఎలాగూ ఎక్కువే ఉన్నాయి. మా అమ్మ ఎన్నోసార్లు అలా చేసింది, వచ్చినవాళ్ళకి తెలియనే తెలియదు. అత్తెసరుకి ఆ అవకాశం లేదు. ఎవరెవరు తింటారో తెలిశాకే పెట్టాలి, పెట్టాక పెంచలేం. బియ్యానికి సరిగ్గా సరిపోయే నీళ్ళు, మనుషులకి సరిగ్గా సరిపోయే అన్నం. మార్కుల దాకా మాట ఈ దారినే వెళ్ళి ఉంటుందని నాకు అనిపిస్తోంది. ముప్పై అయిదు కావాలి, ముప్పై అయిదే వచ్చాయి, పైన ఒక్కటీ లేదు. పోలిక సరైనదే. కానీ వంటింట్లో "సరిగ్గా సరిపోయింది" అంటే మెప్పు, పరీక్షలో అదే మాట చిన్నతనం. వాడినవాళ్ళు మాటలోని కొలతని పట్టుకెళ్ళారు, మెప్పుని పొయ్యి దగ్గరే వదిలేశారు. కాబట్టి నిన్న రాసిన "అంటగట్టేశాం" అన్న మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. బాధ మాత్రం ఉంది.

ఎసరు పెట్టడం గురించి నాకు తోచింది ఇది. ఎసరు పొయ్యి మీదకి ఎక్కిందంటే వండటానికి నిశ్చయం అయినట్టే. ఇక బియ్యం పడటమే తరువాయి. ఒకరి ఉద్యోగానికి ఎసరు పెట్టారంటే, కింద మంట రాజేశారు, దాన్ని అందులో వెయ్యడమే మిగిలింది అని. అలా చూస్తే చాలా బలమైన మాట. మా ఇంట్లో మాత్రం "ఎసరు పెట్టనా?" అన్నది రాత్రి పొద్దుపోయి బస్సు దిగివచ్చిన మనిషిని అమ్మ అడిగే మొదటి ప్రశ్న. తిన్నారా అని అడిగేది కాదు. తిన్నారా అంటే మొహమాటానికి తిన్నామంటారని.

జొన్నచేను గారూ, సంగటి అత్తెసరే, నా ఓటు మీకే.

మా అక్క కూతురు ఈ పోస్టు చదివి, ఎలా పెట్టాలో రాయమంది. తనకి కుక్కర్ తప్ప తెలియదు. రాస్తున్నాను. బాపట్లలో 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ బియ్యం, మీ ఇంట్లో ఉండేది చాలావరకు అదే. పాతవైతే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు, కొత్తవైతే పావు గ్లాసు తగ్గించు. బియ్యం కడిగి, అరగంట నానబెట్టి, నీళ్ళు వంచేసి పక్కన పెట్టుకో. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఎసరు పెట్టు. బాగా తెర్లాక బియ్యం పోసి ఒక్కసారి కలుపు, మళ్ళీ గరిటె పెట్టొద్దు. మూత ఓరగా ఉంచు, లేకపోతే పొంగుతుంది. నీళ్ళు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు కనబడతాయి. అప్పుడు మూత పూర్తిగా వేసి, సెగ బాగా తగ్గించి, ఎనిమిది నిమిషాలు ఉంచు. ఆ తర్వాత కట్టేసి ఇంకో పది నిమిషాలు మూత తియ్యకు. మధ్యలో తీసి చూడాలనిపిస్తుంది. తియ్యకు. ఉమ్మగిలనివ్వు.

ఎంతమందికి పెడుతున్నావో మాత్రం ముందే అడిగి తెలుసుకో.