మైగ్రేన్ ఉన్న అక్క ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు: మాటలు తట్టకపోవడానికి కారణం అవేనా?

తమ్ముడు_గుంటూరు:

అందరికీ నమస్కారం. మా అక్క గురించి అడుగుతున్నాను. వయసు 41, హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పదిహేడేళ్లుగా పార్శ్వపు నొప్పి ఉంది. నొప్పికి ముందు 20 నిమిషాలపాటు కళ్లముందు వంకరటింకర మెరుపుగీతలు, ఆ తర్వాత ఎడమ కణతలో పోట్లు, వాంతులు. ఈ ఏడాది నెలకు 17 రోజులదాకా తలనొప్పే.

ఇప్పుడు వాడుతున్నవి: నొప్పి రాకుండా నివారణకు టోపిరామేట్ 50 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు నెలలుగా. నొప్పి వచ్చినప్పుడు ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్ కలిపిన మాత్ర. అది నెలకు 14 రోజులు పడుతోంది.

ఎంఆర్ఐ రిపోర్టులో "రెండువైపులా ఫ్రంటల్ లోబ్‌లలో సబ్‌కార్టికల్ వైట్ మేటర్‌లో కొన్ని చిన్న ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్సిటీలు, చిన్న రక్తనాళాల ఇస్కీమిక్ మార్పులు కావచ్చు" అన్న అర్థం వచ్చేలా రాశారు. అంటే మెదడు ముందుభాగంలో, పైపొర కింద చిన్న తెల్ల మచ్చలు. అది చదివిన దగ్గర్నుంచి మెదడు పాడైపోతోందని అక్క భయం. మూడు నాలుగు నెలలుగా నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతోంది. "లఘుకోణం" అనబోయి ఆగి, బోర్డు మీద గీసి చూపిస్తోంది. నొప్పి తగ్గిన మర్నాడు కూడా తల మొద్దుబారినట్టే ఉంటుంది.

ఈ మచ్చల వల్లే మాటలు పోతున్నాయా? ముందుముందు మతిమరుపు జబ్బు వస్తుందా? ఇంకో సంగతి, పనికొస్తుందో లేదో తెలియదు: నెలసరి క్రమంగా రావడానికి రెండేళ్లుగా గర్భనిరోధక మాత్రలు వేసుకుంటోంది.

నాడీమండలం:

మీరు చివర్లో రాసిన ఆ ఒక్క ముక్కే అన్నిటికంటే ముందు తేలాలి. ఆ గర్భనిరోధక మాత్రల అట్ట మీద ఇథినైల్ ఈస్ట్రడయోల్ (ఒక రకం ఈస్ట్రోజన్ హార్మోన్) అని ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. మెరుపుగీతలతో వచ్చే మైగ్రేన్‌ను ఆరాతో కూడిన మైగ్రేన్ అంటారు. అది ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగో వర్గంలో, అంటే వాడనే కూడని వాటిలో పెట్టింది. ఆరా ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం ముప్పు మామూలువాళ్లకంటే దాదాపు రెట్టింపు. ఈ వయసులో అసలు ముప్పు తక్కువే కాబట్టి రెట్టింపు అయినా చిన్నదే. కానీ దాని మీద ఈస్ట్రోజన్, పొగ, బీపీ చేరితే లెక్క మారిపోతుంది. మైగ్రేన్ కోసం చూపించుకున్న డాక్టరుకు ఈ మాత్రల సంగతి చెప్పారా? చాలామంది చెప్పరు, నెలసరి మందుకూ తలనొప్పికీ సంబంధం ఏముందనుకుంటారు.

ఆ గర్భనిరోధక మాత్ర ఆపేముందు ఒక మెలిక ఉంది. టోపిరామేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు గ్రహణం మొర్రి లాంటి లోపాల ముప్పు ఉంది. కాబట్టి గర్భనిరోధక మాత్ర ఆపిన రోజే వేరే ఏర్పాటు ఉండాలి: కాపర్-టి, లేదా గర్భసంచిలో పెట్టే ప్రొజెస్టిన్ హార్మోన్ పరికరం.

ఇక మచ్చల సంగతి. మీరు మూడు వేర్వేరు విషయాలను ఒకే తాడుకు కడుతున్నారు: ఎంఆర్ఐ మచ్చలు, నొప్పి మర్నాటి మొద్దుతనం, మాట తట్టకపోవడం. వీటి కారణాలు వేరు, మందూ వేరు.

మైగ్రేన్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఇలాంటి చిన్న తెల్ల చుక్కలు ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. నెదర్లాండ్స్‌లో కామెరా అనే అధ్యయనం 2004లో దీన్ని చూపించింది. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత అదే మనుషులకు మళ్లీ ఎంఆర్ఐ తీసి, 2012లో ఫలితాలు ప్రకటించారు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో చుక్కలు మిగతావాళ్లకంటే ఎక్కువగా పెరిగాయి. అయితే ఎన్నిసార్లు నొప్పి వచ్చిందన్నదానికీ చుక్కలు పెరగడానికీ పొంతన కుదరలేదు. చుక్కలు ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గినట్టూ తేలలేదు. మీ అక్కగారికి ఈ చివరి వాక్యం చదివి వినిపించండి.

"ఇస్కీమిక్ మార్పులు" (రక్తం చాలక వచ్చిన మార్పులు) అన్న మాట చూసి పక్షవాతం వచ్చిపోయిందనుకోకండి. ఫ్లెయిర్ అనే రకం ఎంఆర్ఐ చిత్రంలో చుక్క కనిపిస్తే, వేరే కారణం కనబడనప్పుడు రేడియాలజిస్టులు రాసే మాట అది. న్యూరాలజిస్టు చూసేది చుక్కలు ఎక్కడున్నాయని. రెండు మూడు మిల్లీమీటర్ల చుక్కలు ఫ్రంటల్ భాగంలో విడివిడిగా ఉంటే మైగ్రేన్‌లో మామూలే. మెదడులో ద్రవం ఉండే జఠరికల అంచును పట్టుకుని, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కెలోసంలో, చిన్నమెదడులో ఉంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైతొడుగు దెబ్బతినే జబ్బు) గురించి ఆలోచిస్తారు. కణత వైపు ఉండే టెంపొరల్ లోబ్ ముందు కొసలో పెద్దగా ఉండి, ఇంట్లో చిన్న వయసులోనే పక్షవాతాలు వచ్చినవాళ్లుంటే కడాసిల్ అనే వంశపారంపర్య జబ్బు కోసం వెతుకుతారు. రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా ఫిల్ములో సీడీయో తీసుకెళ్లి చూపించండి.

మెరుపుగీతలు మెదడు దెబ్బతింటున్న గుర్తు కాదు. మెదడు వెనక భాగం పైపొర మీద ఒక విద్యుత్ అల నిమిషానికి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది. అది దాటిన చోట కణాలు కాసేపు మూగబోయి మళ్లీ తేరుకుంటాయి. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో కుందేలు మెదడులో గమనించిన అలే ఇది. గీతలు ఒక మూల మొదలై మెల్లగా విస్తరించడానికి కారణం ఆ నడకే. తేడా తెలుసుకోవాల్సింది కూడా ఇక్కడే: ఆరా ఐదు నిమిషాలకు పైగా కొంచెం కొంచెంగా పెరుగుతుంది, గంటలోపు పోతుంది. ఒక్క క్షణంలో చూపు సగం చీకటైనా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పడిపోయినా మైగ్రేనేలే అని పడుకోబెట్టకూడదు. 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సమయం నాలుగున్నర గంటలే. ఎప్పుడూ లేనంత నొప్పి నిమిషంలో శిఖరానికి చేరినా, జ్వరంతో మెడ బిగిసినా అంతే.

మందులచీటీ:

మాట తట్టకపోవడం గురించి. టోపిరామేట్ మొదలైంది ఐదు నెలల కింద, మాటలు ఆగడం మొదలైంది మూడు నాలుగు నెలల కింద. మొదట అనుమానించాల్సింది ఆ మందునే. పదాలు వెతుక్కోవడం దాని బాగా తెలిసిన దుష్ఫలితం. వేళ్లలో తిమ్మిర్లు, సోడా రుచి మారడం, బరువు తగ్గడం కూడా ఉన్నాయా అడగండి, ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మోతాదు తగ్గిస్తే కొన్ని వారాల్లో మాట తిరిగి వస్తుంది. పాఠం చెప్పి బతికే మనిషికి ఈ దుష్ఫలితాన్ని "సర్దుకోండి" అనడం తప్పు అని నా అభిప్రాయం.

అలాగని ఒక్కసారిగా ఆపకండి. సాధారణంగా వారానికి 25 మి.గ్రా. చొప్పున, డాక్టరు చెప్పినట్టు దించుతారు. వాడినన్నాళ్లు నీళ్లు బాగా తాగాలి, కిడ్నీలో రాళ్లు కట్టే గుణం ఉంది. చెమట తగ్గిస్తుంది కాబట్టి మన మే నెల ఎండల్లో ఒళ్లు వేడెక్కిపోతుంది. మొదలుపెట్టిన కొద్ది వారాల్లో కంట్లో నొప్పి, చూపు మసక వస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బదులుగా ఏమిటంటే, ఉబ్బసం లేకపోతే ప్రొప్రనొలోల్, లేదా కాండిసార్టన్. రెండూ బీపీ మందులే, మాటను దెబ్బతీసే రకం కాదు. కాండిసార్టన్ కూడా గర్భంలో పనికిరాదు. అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాత్రిపూట నిద్ర పట్టనివాళ్లకు బాగుంటుంది, పొద్దున మత్తు మిగులుతుంది. మనదగ్గర ఎక్కువగా రాసే ఫ్లూనరిజిన్‌తో బరువు, మత్తు, దిగులు పెరుగుతాయి. నెలల తరబడి వాడితే కొందరిలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం వస్తాయి కాబట్టి చూడకుండా పొడిగించకూడదు. ఏ నివారణ మందైనా పూర్తి మోతాదులో ఎనిమిది వారాలు వాడాకే పనిచేసిందో లేదో తేల్చాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే గెలిచినట్టే. మూడు నాలుగు మందులు విఫలమైతే 12 వారాలకోసారి 31 చోట్ల 155 యూనిట్ల బొటాక్స్, లేదంటే మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు.

ఇప్పుడు అసలు గండి. నెలకు 14 రోజులు ఎర్గోటమిన్. ఎర్గోటమిన్, ట్రిప్టాన్ (సుమాట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ నొప్పి మాత్రలు), కెఫీన్ కలిసిన మాత్రలు నెలకు పది రోజులు, విడిగా పారాసెటమాల్ లాంటివి పదిహేను రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడితే మాత్రే తలనొప్పి తెస్తుంది. నెలకు 17 రోజుల నొప్పిలో కొంత భాగం దీనిదే. ఇది సాగినంతకాలం నివారణ మందు సరిగా పట్టకపోవచ్చు.

ఎర్గోటమిన్ గురించి మందుల షాపులో ఎవరూ చెప్పని మాట ఒకటి. తామరకు వాడే ఇట్రాకొనజోల్, గొంతు ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌తో కలిస్తే రక్తంలో దాని మోతాదు విపరీతంగా పెరిగి కాళ్లూ చేతుల రక్తనాళాలు బిగుసుకుపోతాయి. వేళ్లు నల్లబడి తీసేయాల్సి వచ్చే ప్రమాదం. తామర మాత్రలు మన ఊళ్లలో చీటీ లేకుండానే దొరుకుతాయి కాబట్టి చెబుతున్నా.

తమ్ముడు_గుంటూరు:

అట్ట చూశాను. ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంది. రేపు పొద్దునకే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తిమ్మిర్లు కూడా ఉన్నాయట, షుగరేమో అనుకుని ఎవరికీ చెప్పలేదంది. రెండు సందేహాలు. ఆ ఎర్గోటమిన్ కలిపిన మాత్ర ఎలా మాన్పించాలి? శుక్రవారం తలస్నానం చేసిన రోజు తప్పకుండా నొప్పి వస్తోంది, అది నిజంగా కారణమా, భ్రమా?

మందులచీటీ:

మాన్పించడం: ఈ రకం మాత్రను ఒక్కసారే ఆపొచ్చు. ట్రమడాల్, కొడీన్ లాంటి నల్లమందు జాతి నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు కూడా అలవాటై ఉంటే మాత్రం మెల్లగానే దించాలి, ముందే డాక్టరుకు చెప్పండి. ఆపాక రెండు నుంచి పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. వాంతులు, చికాకు, నిద్రలేమి ఉంటాయి. ఇక్కడే చాలామంది భయపడి మళ్లీ మొదలుపెడతారు. అందుకే పరీక్షల నెలలో కాకుండా దసరా లేదా సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోండి. ఆ పది రోజులకు వంతెనలా నాప్రోక్సెన్, కడుపు మంటకు రక్షణగా ఒక మాత్ర, వాంతికి డోంపెరిడోన్ రాస్తారు. అల్సర్ ఉన్నా, కిడ్నీ తేడా ఉన్నా నాప్రోక్సెన్ వద్దు. తేడా కనబడటానికి రెండు నెలలు పట్టొచ్చు.

ఆ తర్వాత నొప్పి వచ్చిన రోజుకు పద్ధతి: మెరుపుగీతల సమయంలో కాదు, నొప్పి మొదలై ఇంకా తేలికగా ఉన్నప్పుడే, గంటలోపు మాత్ర పడాలి. మైగ్రేన్‌లో కడుపు కదలిక మందగిస్తుంది. ఆలస్యంగా వేసిన మాత్ర అక్కడే కూర్చుంటుంది. అందుకే డోంపెరిడోన్ 10 మి.గ్రా. తోడుగా ఇస్తారు. సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా. రాస్తే, ఎర్గోటమిన్ వేసుకున్న 24 గంటల్లోపు దాన్ని ముట్టుకోకూడదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. వాంతులు ముందే మొదలయ్యేవాళ్లకు ముక్కు స్ప్రే, చర్మం కింద ఇంజెక్షన్ ఉన్నాయి. ఏదైనా సరే, వారానికి రెండు రోజులే.

వేపనీడ:

తలస్నానం భ్రమ కాదు. ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ఇలాంటి 94 మంది భారతీయ రోగుల గురించి రాశారు. తలస్నానం మానక్కర్లేదు. పరగడుపున చేయకండి, ఏదైనా తిన్నాకే. వెంటనే తువ్వాలుతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాక జడ వేయాలి. తడిజుట్టు ముడితో ఎండలోకి వెళ్లొద్దు. శుక్రవారం ఉపవాసం కూడా ఉంటారా చూడండి. ఉంటే నేరం ఎక్కువగా ఉపవాసానిదే, పైన సాంబ్రాణి పొగ. ఒక వారం ఉపవాసం లేకుండా తలస్నానం, ఇంకో వారం తలస్నానం లేకుండా ఉపవాసం, అలా విడదీసి చూస్తే తేలుతుంది.

నొప్పికి ముందురోజు వచ్చే ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలనిపించడం అప్పటికే మొదలైన మైగ్రేన్ లక్షణాలే. చాక్లెట్ తింటే వచ్చింది, మెడ పట్టేస్తే వచ్చింది అనుకుని చాలామంది మెడ పట్టీలు కొంటారు. ముక్కు కారితే సైనస్ అని, వాంతయితే పైత్యం అని ఏళ్లు గడిపేవాళ్లూ ఉన్నారు. ఆ ఆవలింతల రోజున నిద్ర చెడగొట్టుకోకుండా, భోజనం మానకుండా ఉంటే కొంత తేలిక.

నొప్పి మర్నాటి మొద్దుతనం ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. ఆ రోజు కొత్త పాఠం కాకుండా అభ్యాసం లెక్కలు పెట్టుకోమనండి. తరగతిలో మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు మార్పించాలి. ఇంట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరిగితే కళ్లు చీకటికి అలవాటుపడి వెలుతురు ఇంకా గుచ్చుతుంది. ఎఫ్ఎల్-41 అనే లేత గులాబీ రంగు అద్దాలు మేలు. కాఫీ మానేయక్కర్లేదు. రోజుకు రెండు చిన్న కప్పులు, ఆదివారమైనా అదే వేళకు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుని కాఫీ ఆలస్యమైతే మధ్యాహ్నానికి తల పట్టుకుంటుంది.

నాడీమండలం:

రేపటికి ఒక కాగితం రాసుకెళ్లండి. గత మూడు నెలల్లో నెలకు ఎన్ని రోజులు నొప్పి, అందులో ఎన్ని రోజులు మంచం పట్టారు, ఎన్ని రోజులు మాత్ర వేశారు. మెరుపుగీతలు ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు. బీపీ. షుగర్, కొలెస్ట్రాల్ చేయించి ఉంటే ఆ అంకెలు. తిమ్మిర్లు, మాట తట్టకపోవడం మొదలైన తేదీ, పక్కనే టోపిరామేట్ మోతాదు పెరిగిన తేదీలు. ఏటేటా ఎంఆర్ఐ తీయించే పని పెట్టుకోకండి, కొత్త లక్షణం లేకపోతే అవసరం లేదు. మోతాదు తగ్గి రెండు నెలలైనా మాటలు తిరిగి రాకపోతే మాత్రం ఇక్కడ రాయండి, అప్పుడు థైరాయిడ్, బీ12, నిద్ర, దిగులు ఒక్కొక్కటీ చూద్దాం.