స్టేజ్ 2బి అన్నారు, గర్భసంచి తీయించాలా వద్దా?

చెల్లెలు: మా అక్కకు 38 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, స్టేజ్ 2బి అని తేలింది. ఆపరేషన్ వద్దు, రేడియేషన్‌తోపాటు కీమో ఇద్దాం అన్నారు డాక్టరు. "గర్భసంచి తీసేస్తే పీడ వదిలిపోతుంది కదా" అని మా బావగారు ఒకటే పట్టు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

పద్మ_7: మీ బావగారి మాటే నాకు సరిగా తోస్తోంది. మా అమ్మకు ఇదే జబ్బు. 2016లో ఆపరేషన్ అయింది, ఇప్పటికీ బాగుంది. ఇంకో డాక్టరుకు చూపించండి.

ఆంకాలజీ నర్సు: పద్మ గారూ, అమ్మగారికి ఏ స్టేజ్‌లో చేశారు? అసలు సంగతంతా అక్కడే ఉంది. గడ్డ చిన్నదై ముఖద్వారంలోనే ఉంటే ఆపరేషన్ చాలా మంచి వైద్యం. 2బి అంటే పక్కనున్న కణజాలంలోకి పాకింది. అక్కడ కోసినా అంచుల్లో క్యాన్సర్ మిగిలే భయం ఉంటుంది. మిగిలితే మళ్లీ రేడియేషన్ తప్పదు. అప్పుడు రెండు వైద్యాల బాధలూ ఒకే శరీరం మీద పడతాయి. మూత్రం సరిగా రాకపోవడం, కాళ్ల వాపు... రోజూ చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

పద్మ_7: అమ్మది 1బి1 అండీ, అంటే గడ్డ చిన్నదిగా ముఖద్వారంలోనే ఉంది, నిజమే. కానీ ముందు కీమోతో గడ్డను తగ్గించి, తర్వాత తీసేయొచ్చుగా? రేడియేషన్ ఇస్తే అండాశయాలు దెబ్బతిని 38 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. యోని బిగుసుకుపోతుంది. ఆ బాధ గురించి ఎవరూ మాట్లాడరేం?

ఆంకాలజీ నర్సు: ఆ బాధ నిజం, డాక్టర్లు ముందే చెప్పి తీరాలి. మీరన్న పద్ధతిని ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 635 మంది మీద పరీక్షించారు, ఫలితాలు 2018లో వచ్చాయి. జబ్బు తిరగబెట్టకుండా 5 ఏళ్లు ఉన్నవాళ్లు కీమో, ఆపరేషన్ వైపు 69.3 శాతం. రేడియేషన్, కీమో కలిపి ఇచ్చినవైపు 76.7 శాతం. ప్రాణాలతో ఉన్నవాళ్ల లెక్కలో మాత్రం పెద్ద తేడా లేదు. అయినా 2బికి నేను రెండోదే ఎంచుకుంటాను.

రవి_కె: చిన్న గడ్డకు ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు ఒక మాట. 2018లోనే వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో, పొట్ట కోసి చేసినవాళ్లకంటే లాప్రోస్కోపీ, రోబో పద్ధతుల్లో చేయించుకున్నవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. కోత చిన్నదని తొందరపడకండి.

చెల్లెలు: బావగారికి ఇదంతా చదివి వినిపించాను. "పాకింది" అన్న మాట దగ్గర ఆగిపోయారు. రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఏం అడగాలి?

ఆంకాలజీ నర్సు: బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ అయ్యాక లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ అక్కడే ఉందా, ఎప్పుడు మొదలుపెడతారు అని అడగండి. అది మానేస్తే వైద్యం సగమే. మొత్తం 8 వారాల్లోపు ముగిసేలా చూసుకోండి. అండాశయాలను రేడియేషన్ తగలని చోటికి జరిపే వీలుందేమో కూడా అడగండి, అక్క వయసు చిన్నది కదా.